వల కన్నులో మనం: మూడు జిల్లాల చెరువులు, బాటలు, పట్టాల చరిత్ర

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. తీరిక చేసుకుని పూర్తిగా చదవండి.

వల తెలియని ఇల్లు మన గూడేల్లో, తండాల్లో తక్కువ. వానలు పడి వాగు కదిలిందంటే విసురు వల భుజాన వేసుకుని పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వలను దగ్గర నుంచి చూస్తే అందులో ఉండేవి రెండే: ముడి, కన్ను. ముడి పట్టుకుంటది, కన్ను వదిలేస్తది. ఏ చేప కావాలి, ఏది జారిపోయినా పర్వాలేదు అని అల్లేవాడు ముందే అనుకుని, దాన్ని బట్టి కన్ను సైజు పెడతాడు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల చరిత్రను మనం ఈ లెక్కన ఒకసారి చదవాలి. ఎనిమిది వందల ఏళ్లుగా మన నేల మీద వలలు పడుతూనే ఉన్నాయి. మొదట చెరువుల వల, తర్వాత ఎడ్ల బాటల వల, రైలు పట్టాల వల, ఇప్పుడు కరెంటు తీగల వల, పైపుల వల. ప్రతి దాంట్లో ముడి ఎవరు, కన్ను ఎవరు? బడి పుస్తకాలు ఈ ప్రశ్న అడగవు. మనమే అడగాలి.

ముందు ఒక ఆకును చూద్దాం

ఒక తునికాకు తెంపి ఎండకు అడ్డంగా పట్టి చూడండి. నడుమ లావు ఈనె, దాని నుంచి పక్క ఈనెలు, వాటి మధ్య సన్నటి జాలి కనిపిస్తది. మోదుగాకు, అడ్డాకు, ఇప్పాకు అన్నీ అంతే. బడిలో దీన్ని జాలాకార ఈనెల వ్యాపనం అని చదివినం. వెదురాకు, వరి ఆకు వేరే రకం. వాటి ఈనెలు పక్కపక్కన గీతల లెక్క పోతాయి.

ఆకు అంతటికీ నీళ్లు చేర్చడమే పని అయితే, చెట్టు కొమ్మల్లాగ చీలుకుంటూ పోతే చాలు కదా. మళ్లీ మళ్లీ కలుసుకుని గళ్లు కట్టడం ఎందుకు? 2010లో భౌతిక శాస్త్రవేత్తలు దీన్ని లెక్క కట్టి చూశారు. దెబ్బ తగిలినా బతకడానికి ఈ గళ్లు పనికొస్తాయని తేల్చారు. పురుగు ఒక ఈనెను కొరికేస్తే నీళ్లు పక్క ఈనెల నుంచి చుట్టు తిరిగి పోతాయి. చైనాలో గింకో అని చాలా పాతకాలపు జాతి చెట్టు ఉంది. దాని ఆకులో ఈనెలు చీలుతాయి గానీ మళ్లీ కలవవు. అక్కడ ఒక ఈనె తెగితే దాని అవతలి భాగానికి నీళ్లు అందవు.

ఈ తేడా గుర్తు పెట్టుకోండి. కొమ్మలాగ ఉన్న ఏర్పాటులో ఒక చోట తెగితే అవతల ఉన్నదంతా ఎండుతది. జాలిలాగ ఉన్న ఏర్పాటు తెగిన చోటును చుట్టుకుని బతుకుతది. ఇక చరిత్రలోకి పోదాం.

చెరువుల గొలుసు

మన జిల్లాల్లో నీటి చరిత్ర అంటే కాకతీయుల చెరువులే ముందు గుర్తొస్తాయి. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా పాలించాడు. పెద్ద చెరువుల్లో చాలా వరకు ఆ కాలానివే. పాకాల చెరువును జగదళ ముమ్మడి కట్టించాడు. రామప్ప గుడిని, చెరువును గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. ఆ గుడి శాసనం 1213 నాటిది. 2021లో ఆ గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. భూపాలపల్లి జిల్లా ఘన్‌పూర్‌లో కోటగుళ్ల దగ్గర ఉన్న గణపసముద్రం పేరులోనే రాజు పేరు ఉంది.

మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు సంగతి మనోళ్లలో చాలా మందికి తెలియదు. బయ్యారం అనగానే మనకు ఉక్కు ఫ్యాక్టరీ మాటే గుర్తొస్తది. కానీ ఆ చెరువు అసలు పేరు ధర్మకీర్తిసముద్రం. కట్టించింది గణపతిదేవుని చెల్లెలు మైలాంబ. ఆమె వేయించిన చెరువు శాసనం కాకతీయుల వంశం గురించి తెలుసుకోవడానికి చరిత్రకారులు చదివే ముఖ్యమైన శాసనాల్లో ఒకటి. ఒక రాజవంశం పుట్టుక మన మండలంలోని చెరువు రాయి మీద ఉంది.

పెద్ద చెరువు ఒక్కటే ఉంటే అది చెరువు మాత్రమే. దాని పైన, కింద వందల కుంటలు, చిన్న చెరువులు కలిస్తే గొలుసుకట్టు అయితది. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు ఒర్రె పట్టి కింది చెరువుకు చేరతాయి. అది నిండితే ఇంకో దానికి. చివరికి వాగులో పడతాయి. జనగామ మెట్ట వైపు నుంచి వచ్చే ఆకేరు, పాకాల దగ్గర మొదలయ్యే మున్నేరు మహబూబాబాద్ జిల్లా మీదుగా దిగి, ఖమ్మం దగ్గర కలిసి కృష్ణకు పోతాయి. భూపాలపల్లి వైపు వాగులు గోదావరికి పోతాయి. కాబట్టి జనగామలో ఒక కుంట మత్తడి దుంకడానికి, మరిపెడ దగ్గర వాగు పొంగడానికి సంబంధం ఉంది.

ఇప్పుడు మన ప్రశ్న. ఈ వలలో ముడి ఎవరు? కొత్త చెరువు అంటే కొత్త ఆయకట్టు, కొత్త ఊరు, రాజుకు కొత్త పన్ను. చెరువు కట్టించినవాళ్లకు, మరమ్మతు చేయించినవాళ్లకు ఆయకట్టులో భాగం దక్కేది. దాన్ని దశబంధం అనేవాళ్లు. శాసనాల్లో రాజు పేరు, సేనాని పేరు, దేవుడి పేరు చదువుతం. తట్టలతో మట్టి మోసినవాళ్ల పేర్లు మనకు దొరకవు.

ఇంకో సంగతి కూడా చూడండి. పాకాల, రామప్ప, లక్నవరం అన్నీ అడవి గుట్టల అంచున ఉన్నాయి. అది ఊరికే జరగలేదు. రెండు గుట్టల మధ్య సందు దొరికితే చిన్న కట్టతో పెద్ద చెరువు అయితది. పైన అడవి ఉంటే వాన నీళ్లు మెల్లగా దిగుతాయి, చెరువులో ఒండ్రు తొందరగా నిండదు. అంటే చెరువుకు ప్రాణం పైనున్న అడవిలో ఉంది. ఆ అడవిలో ఉన్నది మనం. ఆయకట్టు లెక్కల్లో కింద ఉన్న ఎకరాలు రాశారు గానీ పైన ఉన్న మనుషులను రాయలేదు. మొదటి వల కన్నులో నుంచి మనం అట్ల జారిపోయినం.

మేడారం ఒక జాలి

జారిపోయినవాళ్లు ఊరికే ఉండలేదు. మనోళ్ల నోట నిలిచిన కథ అందరికీ తెలుసు. కరువు వచ్చి పంట లేనప్పుడు ప్రతాపరుద్రుడి సేన కప్పం కోసం మేడారం మీదికి వచ్చింది. పగిడిద్దరాజు, సమ్మక్క, సారలమ్మ, గోవిందరాజు, జంపన్న ఎదురు నిలిచారు. జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచాడు. అదే జంపన్న వాగు అయింది. సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయింది.

కథలో గొడవ దేని గురించో గమనించండి. నీళ్లు లేని ఏడాది కూడా పన్ను అడగడం గురించి. అన్ని చెరువులు కట్టించిన రాజ్యం అడవి వైపు వచ్చినప్పుడు నీళ్లు తేలేదు, కప్పం అడిగింది.

జాతర ఎట్ల జరుగుతదో కూడా చూడండి. అన్నీ ఒక్క చోట నుంచి మొదలు కావు. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తది. పగిడిద్దరాజు మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్ల నుంచి అడవి దారుల్లో కాలినడకన వస్తాడు. గోవిందరాజు కొండాయి నుంచి వస్తాడు. సమ్మక్కను చిలకలగుట్ట నుంచి తెస్తారు. ఒక్కో ఊరి పూజారులకు ఒక్కో బాధ్యత ఉంది. రెండేళ్లకోసారి ఈ దారులన్నీ గద్దెల దగ్గర కలుస్తాయి, మళ్లీ విడిపోతాయి. ఇది ఆకులోని జాలి లాంటిది. రాజ్యాలు మారినా, తాలూకాలు మారినా, 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ముక్కలైనా, 2019లో ములుగు వేరే జిల్లా అయి మేడారం భూపాలపల్లి నుంచి విడిపోయినా, ఆ నడక ఆగలేదు. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. అంతకు ముందు శతాబ్దాల పాటు దాన్ని నిలిపింది మన ఊళ్ల మధ్య ఉన్న దారులే.

ఎడ్ల బాట పోయి పట్టాలు వచ్చాయి

తండా అన్న మాట ఇప్పుడు ఒక చోట ఉండే ఊరికి వాడుతున్నం. ఒకప్పుడు తండా అంటే కదిలే గుంపు. లంబాడీల బిడారులు వందల ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కను అంతా తిరిగేవి. పదిహేడో శతాబ్దంలో మొఘల్ సైన్యాలు దక్కనుకు వచ్చినప్పుడు వాటికి తిండి గింజలు చేర్చింది ఈ బిడారులే. పట్టణానికి, పల్లెకు, దండు విడిదికి మధ్య ముడి వేసింది మన ముత్తాతల ఎడ్లు. ఒక బాటలో కరువు ఉంటే, యుద్ధం ఉంటే, ఇంకో బాట పట్టేవాళ్లు. అది కూడా జాలే.

తర్వాత రైలు వచ్చింది. నిజాం రాజ్యంలో సికింద్రాబాద్‌కు 1874లో, అక్కడి నుంచి వరంగల్‌కు 1886లో, బెజవాడకు 1889లో లైను పడింది. జనగామ, మహబూబాబాద్, డోర్నకల్ ఆ లైను మీదివే. మనోళ్లు మానుకోట అని పిలిచే ఊరికి మహబూబాబాద్ అన్న పేరు నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో విలియం కింగ్ గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది. రైలుకు బొగ్గు కావాలి, బొగ్గుకు రైలు కావాలి. రెండూ ఒకేసారి పెరిగాయి.

రైలు మోసే బరువు ముందు ఎడ్లు నిలవలేదు. బిడారు ఆగిపోయింది. ఆగిన చోట తండా ఊరైంది. అదే కాలంలో బ్రిటిష్ పాలన 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, తిరిగే జాతులను పుట్టుకతోనే దొంగలన్నట్టు చూసింది. స్వతంత్రం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం పోలేదు. ఒకప్పుడు వలకు ముడిగా ఉన్నవాళ్లను కొత్త వల కన్నులోకి నెట్టింది. అడవిలో కూడా అట్లనే అయింది. రిజర్వు ఫారెస్టు హద్దు గీతలు గూడేల చుట్టూ పడ్డాయి. 1950లలో పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు వచ్చాయి. మనం నడిచే దారి మ్యాపులో గీత దాటడం అయింది.

కాకతీయ పేరు, కరెంటు తీగ

ఈ రోజు భూపాలపల్లిలో సింగరేణి గనులకు కాకతీయ ఖని అని పేరు. చెల్పూరులో ఉన్నది కాకతీయ థర్మల్ పవర్ ప్లాంటు. 500 మెగావాట్లు ఒకటి, 600 మెగావాట్లు ఒకటి, మొత్తం 1,100 మెగావాట్ల రెండు యూనిట్లు. అక్కడ నుంచి తీగలు రాష్ట్రమంతా పోతాయి. 2015 మార్చిలో మొదలైన చెరువుల పూడికతీత పథకానికి కూడా మిషన్ కాకతీయ అనే పేరు. 46 వేలకు పైగా చెరువులు, కుంటలు బాగు చేస్తామన్నారు. పూడిక తీసిన మట్టి చేలకు చేరింది, కొన్ని చోట్ల మంచి జరిగింది. అది కాదనలేం.

దేవాదుల ఎత్తిపోతల ఇంకో పెద్ద వల. ఏటూరునాగారం అడవి దగ్గర గంగారం వద్ద గోదావరి నీళ్లు ఎత్తి, పైపుల్లో, సొరంగాల్లో, ధర్మసాగర్ మీదుగా జనగామ మెట్ట చెరువులకు పంపుతారు. జనగామ తండాల్లో బోర్లు ఎండిపోయి పట్నం వలస పోయిన కుటుంబాలు ఎన్నో. వాళ్ల చెరువుకు గోదావరి నీళ్లు రావడం చిన్న సంగతి కాదు. ఆ పథకం కోసం తుపాకులగూడెం దగ్గర కట్టిన బ్యారేజీకి 2020లో సమ్మక్క పేరు పెట్టారు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. కప్పం కట్టనని ఎదురు నిలిచిన తల్లి పేరు బ్యారేజీకి ఉంది, ఆమె మీదికి సేన పంపిన వంశం పేరు గనికి, ప్లాంటుకు, పథకానికి ఉంది. పేర్లు రెండూ ఒకే పైపు లైను మీద కలిశాయి. పేరు పెట్టడం గౌరవమే. కానీ ఆ నీళ్లు ఎత్తే చోట ఉన్న గూడెంలో చేనుకు తడి అందుతుందా అన్నది అసలు కొలత. జనగామ తండాలో ఉన్న తమ్ముడు, ఏటూరునాగారం గూడెంలో ఉన్న చెల్లె ఈ ఒక్క పైపుకు రెండు చివరల ఉన్నారు. ఒకరి మేలు ఒకరికి పోటీ కావొద్దు. ఇద్దరూ కలిసి అడగాలి.

గొలుసు తెగిన రోజులు

2023 జులై చివరి వారం మనలో ఎవరూ మరచిపోలేరు. రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అది రికార్డు. జులై 27న తెల్లవారేసరికి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీళ్లలో ఉంది. జనం ఇంటి కప్పులు ఎక్కారు. సైన్యం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. గోవిందరాజు ఊరు కొండాయిలో జంపన్న వాగు ప్రాణాలు తీసింది.

2024 సెప్టెంబర్ 1న వంతు మహబూబాబాద్‌ది. ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాం తండాను ముంచింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద మట్టి, కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఢిల్లీ, చెన్నై రైళ్లు ఆగాయి. కొన్నింటిని వేరే దారుల్లో తిప్పారు. రాత్రింబవళ్లు పని చేసి కొద్ది రోజుల్లోనే లైను మళ్లీ నడిపించారు.

ఈ రెండు ఏళ్లను ఆకు లెక్కన చూడండి. రైలుకు చుట్టు దారి ఉంది, అందుకే దేశం ఆగలేదు. చెరువుల గొలుసుకు చుట్టు దారి లేదు. నీళ్లు పల్లానికే పోతాయి కాబట్టి అది ఎప్పటికీ కొమ్మలాగనే ఉంటది. పైన ఒక కట్ట తెగితే ఆ బరువంతా కింది కట్ట మీద పడతది. మరి ఎనిమిది వందల ఏళ్లు ఎట్ల నిలిచింది?

మనుషుల వల్ల నిలిచింది. ఊరికో నీరటి ఉండేవాడు. తూము తీసేది, మూసేది ఆయనే. వానాకాలం రాత్రి కట్ట మీద తిరిగేది ఆయనే. కట్టకు బుంగ పడితే డప్పు కొట్టి ఊరిని లేపేవాళ్లు, అందరూ మట్టి మూటలతో పరుగెత్తేవాళ్లు. నీళ్లు కిందికే పోతాయి గానీ కబురు అన్ని దిక్కులా పోతది. పై ఊరి కబురు కింది ఊరికి, కింది ఊరి కష్టం పై ఊరికి తెలిసేది. గొలుసుకు ఆ మనుషులే జాలి.

చాలా ఊళ్లలో ఇప్పుడు నీరటి లేడు. శిఖం భూములు పట్టాలయ్యాయి. ఒర్రెలు చదునై ప్లాట్లయ్యాయి, రోడ్ల కింద సన్న తూములయ్యాయి. పై చెరువు ఒక జిల్లాలో ఉంటే కింది చెరువు ఇంకో జిల్లాలో ఉంది, రెండు ఆఫీసులు, రెండు ఫైళ్లు. వాన కొత్త రికార్డు కొట్టిన రోజు గొలుసు ఉంది గానీ కబురు లేదు. మునిగింది పల్లపు గూడేలు, వాగు ఒడ్డు తండాలు.

ముడి వేయాల్సింది మనమే

చరిత్ర చదివి బాధపడి వదిలేస్తే లాభం లేదు. మూడు పనులు మన చేతిలో ఉన్నాయి.

మొదటిది, మన ఊరి కుంటల పటం. మీ గూడెం పైన ఏ చెరువు ఉంది, దాని మత్తడి నీళ్లు ఏ ఒర్రెలో పోతాయి, ఆ ఒర్రె ఎక్కడ మూసుకుపోయింది, కింద ఏ ఊరు ఉంది. పెద్దమనుషులకు ఇది నోటికి వచ్చు. వాళ్లు ఉండగానే రాసి పెట్టుకోవాలి. పాత పేర్లు కూడా రాయండి. పేరు పోతే హక్కు అడగడానికి ఆధారం పోయినట్టే.

రెండోది, చట్టం. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో చేపల మీద, నీటి వనరుల ఉత్పత్తుల మీద సామూహిక హక్కు రాసి ఉంది. మనోళ్లు పోడు పట్టా కోసం ఫారం ఎ గురించి మాత్రమే మాట్లాడతారు. సామూహిక హక్కులకు ఫారం బి ఉంది, గ్రామసభ ద్వారా పెట్టొచ్చు. షెడ్యూల్డ్ ఏరియాలో ఉన్న ఊళ్లకు 1996 పెసా చట్టం ఇంకో బలం. చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని సెక్షన్ 4(జె) చెప్తది. మన కుంట వేలం గురించి, చేప పిల్లల గురించి, పూడిక గురించి గ్రామసభలో మాట్లాడే హక్కు మనకు ఉంది. మాట్లాడితేనే ఉంటది.

మూడోది, కబురు. ఇది అన్నింటి కన్నా సులువు, ప్రాణాలు కాపాడేది కూడా ఇదే. ఈ గ్రూపులో జనగామ నుంచి ఏటూరునాగారం దాకా పిల్లలం ఉన్నం. జూన్ నుంచి అక్టోబర్ దాకా ఒక్కో వాగుకు పై ఊరిలో ఇద్దరు, కింది ఊరిలో ఇద్దరు పేర్లు ఇచ్చుకుందాం. మత్తడి ఎంత ఎత్తున దుంకుతుంది, కట్ట ఎట్ల ఉంది, ఒక్క ఫొటో, ఒక్క మాట. సిగ్నల్ లేని గూడేలకు సిగ్నల్ ఉన్న పక్క ఊరి వాళ్లు బండి మీద పోయి చెప్పాలి. రాత్రి పది గంటలకు వచ్చిన కబురు తెల్లవారుజామున హెలికాప్టర్ కన్నా ఎక్కువ పని చేస్తది.

ఆకేరు ఒడ్డున ఉన్నవాళ్లు, మోరంచవాగు ఒడ్డున ఉన్నవాళ్లు, జంపన్న వాగు ఒడ్డున ఉన్నవాళ్లు ముందు పేర్లు ఇవ్వండి. ఈ వానాకాలం మొదలయ్యే లోపు మూడు వాగుల జాబితా పూర్తి చేద్దాం. తర్వాత మిగిలిన వాగులు కలుపుకుంటూ పోదాం.

జై అడవితల్లి.